నోటిబండలో ఎంగిలి

మాచర్ల నుంచి బండి మీద గంట కూడా పట్టదు నోటిబండ. నాపరాయి పొరలు పొరలుగా పేర్చినట్టు తాటిచెట్టంత ఎత్తు, మధ్యలో నిలువునా ఒక సందు. ఇటు దూరి అటు తేలాలి, రీల్ తియ్యాలి. ఆదివారమైతే హైదరాబాద్ కార్లు కూడా దిగుతాయి మామా, చానా ఫేమస్.

సుమంత్ తన చెల్లి వర్షిణిని తీసుకొచ్చాడు. ఎనిమిదో క్లాసు పిల్ల. దాని ఒంటి మీద గీత పడినా నీ తోలు తీస్తానని అమ్మ ముందే చెప్పింది.

కింద దోసకాయలమ్మే రామాయమ్మత్త చెంబు చాపింది. "నోరు పుక్కిలించి పోండయ్యా. లోపల ఎంగిలి చెయ్యగూడదు."

వర్షిణి బుద్ధిగా పుక్కిలించింది. మనోడు వింటాడా? "ఏందత్తా, రాయికి కూడా మడా?" అని బబుల్‌గమ్ ఊది టప్‌మనిపించాడు.

ముందు సుమంతే దూరాడు. లోపల ఏసీ లెక్క చల్లగా ఉంది. పైన దారమంత ఆకాశం. గోడలు అలలు అలలుగా, ఎవరో నిమిరినట్టు నున్నగా... నోరెళ్ళబెట్టి చూశాడు. అంతలో, పోయిన నెల వేయించుకున్న వెండి క్యాప్ పన్నుకి గమ్ము అతుక్కుంది. చిరాకేసి పీకి గోడకి నొక్కాడు.

అవతల తేలి ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. వర్షిణి రాలా.

"ఏమే, ఇరుక్కున్నావా?"

"అన్నా..." గుసగుస. "గోడ తడిగా ఉంది. వెచ్చగా... జిగటగా..."

వాసన కొట్టింది. పాచినోటి వాసన. మూతపెట్టి మరిచిపోయిన పెరుగన్నం వాసన. సుమంత్ ముక్కు మూసుకున్నాడు. చెయ్యి లోపలికి పెట్టి తడిమాడు. రాయి మెత్తగా ఉంది... పంటి చిగుళ్ళలా. చెల్లి మణికట్టు దొరికింది. లాగాడు. అటు నుంచి ఇంకేదో లాగుతుంది.

"వదలొద్దన్నా..."

గోడకి కాలు తన్నిపెట్టి గుంజాడు. చప్‌మని బయటపడింది. తల నుంచి కాళ్ళదాకా చొంగ, తీగలు తీగలుగా. జుట్టంతా ఒక పక్కకి నాకేసినట్టు.

ఛీ... ఛీ...

బండి ఎక్కించుకుని వెనక్కి చూడకుండా తోలాడు. మాచర్ల దగ్గరపడింది. వెనక సీట్లో చప్... చప్... చప్.

"ఏం నములుతున్నావే?"

"నీదే అన్నా. లోపలాయన తిన్నంత తిని, మిగిలింది నాకు పెట్టాడు."

బండి ఆపేశాడు. "థూ! ఉమ్మెయ్యవే!"

వాడి అరచేతిలోనే ఉమ్మింది. వెచ్చటి బూడిదరంగు ముద్ద. మధ్యలో ఏదో మెరుస్తుంది. గోటితో విప్పాడు.

వెండి క్యాప్. దానికింద పన్ను... వేరుతో సహా.

సుమంత్ మెల్లగా నాలుకతో వెనక్కి వెతికాడు. నొప్పి లేదు. నెత్తురు లేదు. పన్ను ఉండాల్సిన చోట... చల్లగా, నున్నగా, పొరలు పొరలుగా రాయి తగిలింది.