కరెంటు పోయాక లేచిన మంచం

బోధన్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రి చివరి గదిలో పడుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు. ఆ గది మంచం మనిషిని మింగిందని చెప్పుకుంటారు.

మింగింది మంచం కాదు లెండి, రవీందర్ అతితెలివి. అతను బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్. బటన్ నొక్కితే తలవైపు, కాళ్లవైపు లేచే మంచం అది. దాని చిన్న డీసీ మోటారు కాలిపోతే రవీందర్‌ని పిలిచారు. "మోటరంటే మోటరే" అని చెరకురసం బండి మోటారు ఊడదీసి బిగించాడు — ఇంటి కరెంటుతో తిరిగే ఏసీది!

ఆ రాత్రి బాలన్న అనే ముసలాయన "నడుం జర లేపు బిడ్డా..." అన్నాడు. నర్సు బటన్ నొక్కి వేలు తీసింది. మోటారు ఆగలేదు. అంత కరెంటుకు బటన్ లోపలే కాలి అతుక్కుపోయింది. మంచం ముసలాయన్ని రెండుగా మడిచేసింది... ఎముకలు విరిగిన చప్పుడు వరండాదాకా వినిపించిందట. లాగబోయినవాళ్లను ఇనుప మంచం షాక్ కొట్టి విసిరేసింది. కరెంటు పోతేగాని అది ఆగలేదు.

బాలన్నకు వెనకాముందు ఎవరూ లేరు. కేసూ కాలేదు.

మొన్న చెరకు ట్రాక్టరు మీదినుంచి పోయి రవీందర్ కాలు నుజ్జయింది. అదే ఆసుపత్రికి తెచ్చారు, ఖాళీగా ఉన్నది ఆ చివరి గదే. "మంచం కొత్తది, భయపడకన్నా," అంది నర్సు స్నేహలత. డాక్టరు మాత్రం గట్టిగా చెప్పాడు. రాడ్డు వేసిన కాలు నేలకు మోపితే ఇక కాలు తీసేయడమేనని.

రాత్రి కరెంటు పోయింది. రవీందర్‌కు ధైర్యమే వచ్చింది. కరెంటు లేకుంటే ఏ మోటారు తిరుగుతుంది?

నడుం కింద ఏదో కదిలింది.

మెల్లగా... తల లేస్తోంది. "కరెంటు లేదు... లేదు..." అని గొణిగాడు. మోకాళ్లూ లేస్తున్నాయి — తనను మడిచేస్తోంది! చీకట్లో పక్కన ఎవరో నిలబడి ఉన్నారు. చేతికందిన సెలైన్ స్టాండుతో బలంగా కొట్టాడు. ఎవరో కెవ్వుమన్నారు. ఒక్క దూకు దూకాడు. రాడ్డు వంగి, ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది.

ఫోన్ లైటు వెలిగింది. స్నేహలత. నొసటి నుంచి నెత్తురు కారుతోంది.

"ఏందన్నా గిట్ల సేసినవ్! బటన్ ఒత్తింది నేనే గద!"

"కరెంటు లేకుంట... ఎట్ల లేసింది?"

"దీంది డీసీ మోటర్. కింద బ్యాటరీ ఉంటది. ఇరవై నాలుగు వోల్టులే, షాక్ కొట్టదు, వేలు తీస్తే ఆగుతది. కరెంటు పోయినా రోగి ఆగం కావద్దని గీ బ్యాటరీ పెడతరు."

రవీందర్ నెత్తుట్లో పడి ఏడ్చాడు. ఇంత చిన్న సంగతి తెలియక అప్పుడు ఓ ప్రాణం, ఇప్పుడు తన కాలు.

"మరి నన్నెందుకు లేపినవ్ చెల్లే?"

స్నేహలత బిత్తరపోయి చూసింది.

"నువ్వే పిలిస్తివి గదన్నా... 'నడుం జర లేపు బిడ్డా' అని."