అన్సెల్మో కోసం పోసిన బంతిపూల దారి

అక్టోబరు ఇరవై ఎనిమిది. పోయినవాళ్లు ఏటా ఇంటికి తిరిగొస్తారని ఆ ఊళ్లో నమ్మకం; కత్తికీ తూటాకీ బలైనవాళ్లు వచ్చే రోజు అది. మంచంమీద పోయినవాళ్ల వంతు తర్వాత. చీకటి పడకముందే ఒతీలియా వీధి గుమ్మం నుంచి వసారాలో బల్లదాకా బంతిపూల రేకులు దారిగా పోసింది. బల్లమీద రెండు ఫోటోలు పెట్టింది. ఒకటి ఊరి మేయరు అన్సెల్మోది, అంటే ఆమె మొగుడిది. రెండోది అతనితోపాటే కారులో ప్రాణం పోయిన కార్యదర్శిది. ఇద్దరికీ చెరో గ్లాసు నీళ్లు.

వాళ్లిద్దరూ పోయిన రోజు పొద్దున అన్సెల్మో దారి మార్చి పాత వంతెన మీదుగా వెళ్తున్నాడని ఇంట్లో ముగ్గురికే తెలుసు. ఒతీలియాకి, కొడుకు నబోర్‌కి, కాఫీకి వచ్చిన ఉపమేయరు ఫిదెన్సియోకి. అయినా తుపాకులు వంతెన దగ్గరే కాచుకున్నాయి. ఇప్పుడు మేయరు కుర్చీలో ఫిదెన్సియో కూర్చున్నాడు. ఇంక వేరే చెప్పాలా? శవాల దగ్గర అతని ఏడుపు చూస్తేనే ఆమెకి ఒంటికి కారం రాసుకున్నట్టయింది.

ఆ మనిషే ఈ రాత్రి రొట్టెలు పట్టుకుని వచ్చాడు. నబోర్ తన గదిలోంచి బయటికి రాలేదు. నబోర్‌కి ఉద్యోగం ఇస్తాడట, రేపే తన కారులో తీసుకెళ్తాడట. ఉన్న ఒక్క కొడుకునీ ఆ కారెక్కించడమా?

“ఆ దారి సంగతి ఎవరితో అన్నావన్నయ్యా?” అంది నెమ్మదిగా.

“నన్ను అడిగేముందు నీ ఇల్లు వెతుక్కున్నావా చెల్లెమ్మా?”

ఆమె నోరు తెరిచేలోగా కరెంటు పోయింది. గాలి లేదు, కొవ్వొత్తులు ఆరిపోయాయి. పూల వాసనలో కాలిన తుపాకి మందు వాసన కలిసింది. రేకులు నలుగుతున్నాయి… ఒకరు కాదు. ఇద్దరు.

అడుగులు ఫిదెన్సియో కూర్చున్న కుర్చీ దగ్గర ఆగాయి. తనని చంపించినవాణ్ణి అన్సెల్మో పట్టుకున్నాడు, అనుకుంది ఒతీలియా. కడుపు చల్లబడింది.

అడుగులు మళ్లీ కదిలాయి…

కరెంటు మళ్లీ వచ్చింది. గ్లాసులు రెండూ ఖాళీ. బల్ల దగ్గర ఆగాల్సిన రేకుల దారి కుర్చీ పక్కనుంచి సాగి, నబోర్ గది తలుపు కిందికి పోయింది. తలుపు లోపల గడియ వేసి ఉంది.

“అమ్మా…” లోపల్నుంచి గుసగుస. “నాన్నని బయటికి పిలవవా…”

ఆమె చెయ్యి తలుపుదాకా వెళ్లి ఆగిపోయింది. కొడుకుని కాపాడ్డానికి వచ్చాడో, నిలదీసి అడగడానికి వచ్చాడో.

“చెల్లెమ్మా,” అన్నాడు వెనక ఫిదెన్సియో. అతని మొహం పాలిపోయింది. “గ్లాసులు రెండే కదా పెట్టావు?”

బల్లమీద మూడోది ఉంది, నబోర్ రోజూ తాగే గ్లాసు. నిండుగా నీళ్లతో.