లామినేషన్‌లో చిక్కిన ఉక్కుడేగ

మధ్యాహ్నం గంట కొట్టి పది నిమిషాలైనా ఐదో తరగతిలో ఒక్క టిఫిన్ బాక్సూ తెరుచుకోలేదు. పిల్లలంతా నగేష్ బెంచీ చుట్టూ మూగారు. బెంచీ మీద రెండు కార్డులున్నాయి. ఎడమది పూజితది, కుడిది నగేష్‌ది.

పూజిత కార్డు మీద చిచ్చర ఉంది. చేతుల నుంచి నిప్పులు కురిపించే అమ్మాయి. నగేష్ కార్డు మీద ఉక్కుడేగ ఉన్నాడు. ఇనుప రెక్కలతో ఎగిరే వీరుడు. ఇన్నాళ్లూ ఇద్దరివీ వేరువేరు కామిక్ పుస్తకాలు. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. ఈ నెల మాత్రం ఇద్దరూ ఒకే పుస్తకంలో కలిశారు. ఆ పుస్తకంతో పాటు వచ్చే కార్డుల్లో ఈ రెండూ జంట. పక్కపక్కన పెడితే ఇద్దరూ చేయీ చేయీ కలుపుతారు. విడదీస్తే ఇద్దరి చేతులూ గాల్లోనే ఉండిపోతాయి.

పూజితకు తన కార్డు మొదటి పుస్తకంలోనే దొరికింది. ఆదిభట్లలో కంపెనీ బస్సు నడిపే వాళ్ల బాపు పరశురాం తెచ్చిచ్చాడు. నగేష్‌కు అంత సులువుగా రాలేదు. మన్నెగూడలో ఒక అబ్బాయికి పదకొండు కార్డులిచ్చి ఈ ఒక్కటి మార్చుకున్నాడు. ఆదివారం వాళ్లక్క భాగ్యశ్రీ హాస్టల్ నుంచి వస్తుంది. వాడికి కామిక్స్ చదవడం నేర్పింది అక్కే. ఆమెకు ఈ కార్డు చూపించాలని వాడి ఆరాటం.

"ఒక్క రోజు ఇయ్యవా? రెండూ కలిపి మా ఇంట్ల చూపిస్త," అని పూజిత అడిగింది.

నగేష్ కాసేపు ఆలోచించాడు. తర్వాత కార్డును నోట్‌బుక్ మధ్యలో పెట్టి ఇచ్చాడు.

ఇక పూజిత ఇంటి సంగతి చెప్పాలి. వాళ్లమ్మ అరుణకు విలువైన కాగితం ఏది కనబడినా లామినేషన్ చేయించాల్సిందే. రేషన్ కార్డు అయిపోయింది, మార్కుల మెమోలు అయిపోయాయి. ఆఖరికి నాయనమ్మ దవాఖాన చీటీకి కూడా ప్లాస్టిక్ తొడిగించింది. తర్వాతిసారి డాక్టరు దాని మీద మందు రాయలేక తల పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం కూడా ఏదో సర్టిఫికెట్ ఇచ్చి పూజితను బస్టాండు పక్కనున్న శ్రీశైలం జిరాక్స్ షాపుకు పంపింది. కార్డులు రెండూ పూజిత చేతిలోనే ఉన్నాయి. లామినేషన్ చేయిస్తే చిరగవు కదా అనుకుంది. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, రెండూ అతుక్కుపోతే నగేష్ ఇక తనది తీసుకుపోలేడు.

"రెండూ నీయేనా?" అని శ్రీశైలం అడిగాడు.

"అవ్," అంది పూజిత.

మెషీన్‌లోంచి కార్డులు రెండూ ఒకే ప్లాస్టిక్‌లో అతుక్కుని వెచ్చగా బయటికొచ్చాయి. ఇద్దరు వీరులూ తళతళా మెరిశారు. పూజిత సంతోషం పట్టలేక ఇంటిదాకా గెంతుతూనే వెళ్లింది.

మర్నాడు శనివారం. బడిలో అందరూ మస్తుగుందన్నారు. నగేష్ మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పాడు. తన కార్డు అంచు ఎక్కడుందో వేలితో వెతికాడు. ఇది మా ఇంట్లో భద్రంగా ఉంటుంది, ఎప్పుడంటే అప్పుడు వచ్చి చూసుకోమని పూజిత చెప్పింది.

"నా కార్డు చూడనీకి నేను మీ ఇంటికి రావాల్నా?" అన్నాడు నగేష్. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపుంది. కార్డులు ఆమె చేతిలో పెట్టేసి వెనక బెంచీకి వెళ్లి కూర్చున్నాడు.

పూజితకు సిగ్గేసింది. ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు. రేపే వాళ్లక్క వస్తుంది, వాడేం చూపిస్తాడు? బడి వదలగానే శ్రీశైలం షాపుకు పరుగెత్తింది. ఒకటి తనది కాదని, నిన్న అబద్ధం చెప్పానని ఒప్పుకుంది. రెండూ విడదీయమని బతిమాలింది.

ప్లాస్టిక్ ఊడబెరికితే బొమ్మ రంగంతా దాంతోనే వచ్చేస్తుందని శ్రీశైలం చెప్పాడు. కత్తిరించడం ఒక్కటే దారి. అందులోనూ ఒక చిక్కుంది. మధ్యలో సందు కనబడొద్దని పూజిత నిన్న నగేష్ కార్డును తన కార్డు మీదికి కొంచెం జరిపి పెట్టింది. ఇప్పుడు ఎక్కడ కోసినా ఎవరిదో ఒకరి కార్డు తెగుతుంది.

"ఎవరిది కొయ్యాలె బిడ్డా?"

పూజిత చిచ్చర వంక చూసింది. ఏడుపొచ్చింది. "నాది కొయ్యన్నా. నగేష్‌ది జర గూడ తెగొద్దు."

కత్తెర కరకరా నడిచింది. ఉక్కుడేగ నిండుగా మిగిలాడు. చిచ్చర వేళ్ల కొసలు పోయాయి.

ఆదివారం చర్చి నుంచి నగేష్ ఇంటికొచ్చేసరికి గడప దగ్గర పూజిత నిలబడి ఉంది. కార్డు చేతికిచ్చింది.

"నిన్ను అడగకుండ చేయించిన. రెండూ నాయేనని షాపుల అబద్ధం చెప్పిన. తప్పయింది."

నగేష్ నాలుగంచులూ తడిమి చూసుకున్నాడు. అప్పుడు పూజిత కార్డు కూడా అడిగి చూశాడు. చిచ్చర వేళ్లేమయ్యాయని అడిగాడు. నీది తెగకుండా ఉండాలంటే నాదే తెగాలి కదా అని పూజిత నేల చూస్తూ చెప్పింది.

"పోనీలే. చేతుల నిప్పులుంటయ్ గద, కాలిపోయినయ్ అనుకుందాం," అన్నాడు నగేష్. పూజిత ఫక్కున నవ్వింది. వాడూ నవ్వాడు.

భాగ్యశ్రీ అక్క వచ్చాక, వీరులిద్దరూ కలిసిన ఆ కామిక్ పుస్తకాన్ని గొంతులు మార్చి చదివింది. చిచ్చరకు కీచుగొంతు, ఉక్కుడేగకు బొంగురుగొంతు. వంటింట్లో ఉన్న వాళ్లమ్మ ప్రేమమ్మ కూడా గరిటె పట్టుకునే వచ్చి నవ్వింది.

పూజిత వెళ్లడానికి లేచింది. నగేష్ తన కార్డు చాపి, ఈసారి నువ్వే రెండూ తీసుకుపో, రేపు తెద్దువులే అన్నాడు. పూజిత చేయి ముందుకొచ్చింది. మళ్లీ వెనక్కి పోయింది.

తన కార్డు తీసి చాప మీద ఉక్కుడేగ పక్కన పెట్టింది.

"నాది గూడ ఈడనే ఉండనీ. అక్క ఉన్నన్ని దినాలు రెండూ చూస్తది."

ఖాళీ చేతులు ఊపుకుంటూ, చిచ్చర కీచుగొంతుతో కేకలు పెడుతూ ఇంటికి పరుగెత్తింది.