నొప్పి లేని మనిషి

"నొప్పి బిళ్ళలేమైనా వాడతారా?" అని ఆస్పత్రిలో రీసెర్చ్ చేసే అమ్మాయి అడిగితే, "అబ్బే! తలనొప్పి కూడా ఎరగను" అన్నాడు బ్యాడ్మింటన్ కోచ్. పచ్చి అబద్ధం. మోకాలి నొప్పికి మింగే బిళ్ళలు అప్పుడు కూడా అతని జేబులోనే ఉన్నాయి.

కడుపులో పుండుకి చిల్లుపడి కోచ్ వాళ్ళ మామ్మకు ఆపరేషన్ అయింది. చూడ్డానికి వచ్చినవాడు వార్డులో ఈ అమ్మాయి కంటపడ్డాడు. నొప్పి బిళ్ళలు మింగేవాళ్ళలో ఇలాంటి చిల్లులు ఎంత ఎక్కువో తేల్చే రీసెర్చ్ ఆమెది. పోల్చి చూడ్డానికి బిళ్ళ ముట్టనివాళ్ళు దొరకడమే గగనంగా ఉంది.

"అయితే మీరు నాకు బంగారం! నెలనెలా రావాలి."

"వారం వారం పిలవండి, వస్తాను."

"అంత ఖాళీనా?"

"మీకైతే ఖాళీనే."

ఇక చూడండి అయ్యగారి సంబరం! ముందు బిళ్ళ వేసుకుని, ఆమె చూస్తుండగా మెట్లు గబగబా ఎక్కేవాడు. ప్రశ్నలు పది నిమిషాలు, కాఫీ గంట. మీరు కాస్తా నువ్వు అయింది.

ఒకరోజు వానలో ఒకే గొడుగు కింద నడుస్తూ ఆమె చెప్పింది.

"మా నాన్న కడుపులో ఇలాగే చిల్లుపడి పోయారు. నడుం నొప్పికి దొంగచాటుగా బిళ్ళలు మింగేవారు. అమ్మ కంగారుపడుతుందని దాచారు. అడిగితే నవ్వేసేవారు."

అప్పుడైనా నోరు విప్పాడా? లేదు. ఆమె తడవకుండా గొడుగు అటు వంచాడు. మహా ప్రేమ!

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆట నేర్పుతూ కోర్టులో కుప్పకూలాడు. కడుపు చెక్కలా బిగుసుకుపోయింది. ఆస్పత్రిలో సర్జన్ అడిగితే, పక్కన ఆమె ఉందని, బిళ్ళలు వాడనని తల అడ్డంగా ఊపాడు. ఆమె అతని ట్రాక్‌సూట్ మడతపెడుతుంటే జేబులోంచి నొప్పి బిళ్ళల స్ట్రిప్ జారిపడింది.

కడుపులో చిల్లుకి చేసిన ఆపరేషన్ గట్టెక్కింది. కళ్ళు తెరిచేసరికి ఆమె మంచం పక్కనే ఉంది.

"నిజం చెబితే నన్ను రీసెర్చ్‌లోంచి తీసేసేదానివిగా? నిన్ను చూడ్డానికే..."

"నా పని గంగలో కలిపావు. పోనీ, అది మళ్ళీ చేసుకుంటాను. నాన్న సంగతి విన్నాక కూడా నీకు చెప్పబుద్ధి కాలేదా?" ఆమె కళ్ళనిండా నీళ్ళు.

"ఇంకెప్పుడూ దాచను. ఒట్టు! నువ్వంటే నాకు ప్రాణం."

ఆమెకూ అతనంటే ప్రాణమే. నమ్మాలనే ఉంది. దుప్పటి సర్దుతుంటే చేయి కుట్లకు తగిలింది. అతని ముఖం పాలిపోయింది.

"నొప్పిగా ఉందా?"

"ఛ! నువ్వుండగా నొప్పేమిటి?" అని నవ్వాడు.

ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

"నాన్న కూడా ఇలాగే నవ్వేవారు."

నర్సును పిలిచి, అతనికి నొప్పిగా ఉందని చెప్పింది. మళ్ళీ ఆ వార్డుకు రాలేదు.