చేతులు మారిన పెన్ను

కోచింగ్ సెంటర్ రీడింగ్ రూమ్‌లో కిటికీ పక్క బల్ల మీద తల వాల్చి పడుకున్న కుర్రాణ్ణి మధ్యాహ్నం దాకా ఎవరూ లేపలేదు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు అలా వాలిపోవడం అక్కడ కొత్త కాదు. అతని మోచేతి కింద ఇరుక్కున్న అట్లాసు కావలసివచ్చి, ముందు బల్ల అమ్మాయి భుజం తట్టింది. భుజం చల్లగా ఉంది. పెన్ను వెనక కొస ఇంకా అతని పళ్ల మధ్యనే ఉంది.

గుండెపోటన్నాడు డాక్టరు. నిద్రలేని చదువు, ఖాళీ కడుపు, ఇంకేం జరుగుతుందన్నారు తోటివాళ్లు. ఎవరి పుస్తకాల్లోకి వాళ్లు తల దించుకున్నారు.

డ్రైక్లీనింగ్ షాపు మీది గదిలో మాత్రం ఆ మాట ఎవరూ నమ్మలేదు. గూఢచారి సంస్థ ఆఫీసు అదే. చీఫ్‌ని అందరూ మేనమామ అనేవారు. ఫోన్లో ఎవరైనా చాటుగా విన్నా ఇంటి కబుర్లలాగే ఉండాలని ఆ ఏర్పాటు. ఆయన ఎదురుగా కూర్చున్న ఏజెంట్ పేరు వదిన. నడివయసు మనిషి. చనిపోయిన కుర్రాడికి ఈ పని నేర్పింది ఆవిడే.

"పెన్ను కొరకొద్దురా అని నెత్తీనోరూ బాదుకున్నాను," అంది వదిన.

"కొసకి విషం పూశారు. ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. వాడి అడ్డు తొలగించుకున్నారు, పనిలో పనిగా ట్రయల్ కూడా వేసుకున్నారు."

"అసలు టార్గెట్ ఎవరు?"

మేనమామ ఫొటోలు పరిచాడు. అన్నింట్లోనూ పొరుగుదేశపు విదేశాంగ మంత్రే. సంతకం పెట్టే ముందు పెన్ను వెనక కొసని పెదాలకు ఆనించి ఆలోచించడం ఆయన అలవాటు.

"వచ్చే నెల ఇక్కడికొస్తున్నాడు. నేరస్థుల అప్పగింత ఒప్పందం. అది కుదిరితే ఆయుధాల ముఠాకి రెండు దేశాల్లోనూ తల దాచుకునే చోటుండదు. ఆయన మన దగ్గర పోయాడనుకో, ఒప్పందం గాలికిపోతుంది, సరిహద్దులో సైన్యాలు దిగుతాయి. మనవాడు చివరిసారి పంపిన కబురు ఒక్కటే. ముఠా మనిషి ఆ కోచింగ్ సెంటర్‌లోనే ఉన్నాడని. నీకు అడ్మిషన్ తీసుకున్నాం."

"చదవాలా?"

"కవర్ కదమ్మా, చదవాలి. సిలబస్ చూశాక బాంబు విప్పడమే నయమనిపిస్తుంది."

పిల్లలు పెద్దవాళ్లయ్యారు, వయోపరిమితి దాటేలోపు ఒక్కసారి రాసి చూద్దామని వచ్చాను అని చెప్పుకుంది వదిన. గుడ్డసంచి, నీళ్ల సీసా, గొలుసుకి వేలాడే కళ్లజోడు. జోడు ఫ్రేములో కెమెరా ఉందని ఎవరికి తెలుస్తుంది? చనిపోయినవాడి కుర్చీలోనే కూర్చుంది. డ్రాయర్‌లో అతని పెన్సిళ్లు ఉన్నాయి, అన్నిటికీ పళ్ల గాట్లు. వాటిని కాసేపు చూసి డ్రాయర్ మూసేసింది.

అంతర్జాతీయ సంబంధాల క్లాసు మేడమ్‌ది. ఆవిడ గదిలోకి రాకముందే ఆవిడ సెంటు వచ్చేది. పచ్చ రాళ్ల చెవిపోగులు, నల్ల కోటు, గొంతు పెంచకుండానే ఆఖరి బెంచీ దాకా వినిపించే మాట. విదేశాంగ శాఖలో సగంమంది ఆవిడ దగ్గర చదివి వెళ్లినవాళ్లే.

"ద్వైపాక్షిక ఒప్పందం. రెండు ప్రతులు, ఇద్దరు మంత్రులు. సంతకాలు ఎలా జరుగుతాయి?" అని ఒకరోజు అడిగింది మేడమ్. చూపు వదిన మీద ఆగింది.

వదిన లేచింది. "ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చుని, ఎవరి పెన్నుతో వాళ్లు రెండు ప్రతుల మీదా పెడతారండీ."

"పోస్టాఫీసులో పార్సిల్ తీసుకుంటున్నారా?"

క్లాసంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు. తప్పు సమాధానం వింటే ఆవిడకి పంటికింద రాయి పడ్డట్టుండేది.

"ఏ దేశం దాచుకునే ప్రతిలో ఆ దేశం పేరు ముందుంటుంది. మంత్రి మొదట తన ప్రతి మీద పెడతాడు. తర్వాత ప్రతులు చేతులు మారతాయి. కొన్ని దేశాలవాళ్లు మర్యాదకి పెన్నులు కూడా మార్చుకుంటారు. అతిథి చెయ్యి చాపితే కాదనకూడదు. ఇది ఏ గైడులోనూ ఉండదు, నా క్లాసులోనే ఉంటుంది. రేపు చూడకుండా చెప్పాలి మీరు."

మర్నాడు చెప్పించుకుంది కూడా, నిలబెట్టి.

ఆ వారం చివర్లో స్టాఫ్ రూమ్‌కి పిలిచి తలుపు గడియ వేసింది మేడమ్.

"ఆ కుర్చీలో ఏం జరిగిందో తెలిసి కూడా కూర్చున్నారు మీరు. పరీక్ష పిచ్చి ఉన్నవాళ్లకి కూడా అంత ధైర్యం ఉండదు. ఎవరు పంపారు?"

వదిన కళ్లజోడు సర్దుకుంది.

"సరే, నేనే చెప్తాను. ముఠాకి మనుషుల్ని ఏరిపెట్టేది నేనే. వాళ్లు నన్నూ బతకనివ్వరని ఈమధ్యే అర్థమైంది. నన్ను కాపాడతానంటే పెన్ను ఎక్కడుందో చెప్తాను."

మేనమామ ఒప్పుకున్నాడు. సంతకాల బల్ల మీద అతిథి ముందు పెట్టబోయే పెన్నుకే విషం పూశారని, అది ఎక్కడ దాచారో కూడా చెప్పింది మేడమ్. వదిన అక్కడికి వెళ్లి తన జుట్టు పిన్ను మొనను ఆ పెన్ను కొసకి ఆనించింది. విషం తగిలితే రంగు మారే పిన్ను అది. మొన నీలంగా మారింది.

"మనిషి నమ్మదగ్గదే," అన్నాడు మేనమామ.

వదినకి మాత్రం ఏదో గుచ్చుకుంటూనే ఉంది. క్లాసులో అందరి తప్పులూ దిద్దే మనిషి, సొంత ప్రాణం సంగతి చెప్తున్నప్పుడు ఒక్క మాటా తడబడలేదేమని.

సంతకాల రోజు వచ్చింది. హాల్లో పొడవాటి బల్ల, రెండు తోలు ఫోల్డర్లు, రెండు జెండాలు. వదిన నల్ల విగ్గు, బూడిదరంగు సూటు వేసుకుని ప్రోటోకాల్ ఆఫీసర్ వేషంలో మన మంత్రి వెనక నిలబడింది. పేజీలు తిప్పడం, సిరా అద్దడం, ఫోల్డర్ అందించడం ఆవిడ పని. అతిథి ముందు పెట్టే పెన్నుని ముందే మార్చేశారు. మేడమ్ ఆహ్వానితుల ముందు వరుసలో కూర్చుంది.

వదిన చెవి దుద్దులో మేనమామ గొంతు: "అత్తయ్యకి జ్వరం తగ్గింది." అంతా క్షేమం అని దానర్థం.

మంత్రులిద్దరూ వాళ్ల వాళ్ల ప్రతుల మీద సంతకాలు పెట్టారు. అతిథి పెన్ను కొస పెదాలకు ఆనించుకున్నాడు. ఏమీ కాలేదు. ముందు వరుసలో మేడమ్ ఆయన వైపు చూడనైనా లేదు. ఆవిడ చూపు మన మంత్రి చేతి మీద ఉంది.

వదిన ఫోల్డర్ ఎత్తి అవతలి వైపు అందించింది. అతిథి ఫోల్డర్ తీసుకుని, నవ్వుతూ తన పెన్ను మన మంత్రికిచ్చి, రెండో చెయ్యి చాపాడు. మన మంత్రి మొహమాటపడుతూ తన పెన్ను ఆ చేతిలో పెట్టాడు.

అతిథి చెయ్యి చాపితే కాదనకూడదు. నిలబెట్టి చెప్పించుకున్న పాఠం. ఆ పెన్ను మన విదేశాంగ శాఖ బీరువాలోంచి వచ్చింది. మన పెన్నే కదా అని దాన్ని ఎవరూ పరీక్షించలేదు. ఆ బీరువా తాళాలున్న ఆఫీసులో సగంమంది మేడమ్ స్టూడెంట్లే.

అతిథి రెండో ప్రతి చదువుతూ పెన్ను పైకెత్తాడు. కొస మీసాల దాకా వచ్చింది.

"క్షమించాలి సార్. సిరా కారుతోంది."

వదిన చేతిరుమాలుతో, పసిపిల్లాడి చేతిలోంచి కత్తెర తీసుకున్నంత నెమ్మదిగా, ఆ పెన్ను తీసుకుంది. తన జేబులోంచి ఇంకొకటి ఇచ్చింది. ఆయన దాని కొసని పెదాలకు ఆనించి, కాసేపు ఆలోచించి, సంతకం పెట్టాడు. చప్పట్లు మోగాయి.

రుమాల్లో ఉన్న పిన్ను మొన నీలంగా మారింది.

"మావయ్యా, అత్తయ్యకి జ్వరం తిరగబెట్టింది," అంది వదిన పెదాలు కదలకుండా. "ముందు వరుసలో చుట్టాలావిడ లేస్తోంది. భోంచేసి వెళ్లమనండి."

తలుపు దగ్గర ఇద్దరు వెయిటర్లు మేడమ్ మోచేతులు మర్యాదగా పట్టుకున్నారు. సాయంత్రానికి బీరువా తాళాల మనిషి కూడా దొరికాడు.

కారులో మేడమ్ వదిన వైపు తిరిగింది. "మొదటి పెన్ను మీకు అందేలా చేసింది నేనే. అక్కడితో మీ వెతుకులాట ఆగిపోవాలి. ఎక్కడ తప్పు చేశాను?"

"పాఠంలో తప్పు చెప్పి ఉంటే సరిపోయేదండీ," అంది వదిన. "మీవల్ల కాలేదు."

"మీరు చాలా వీక్ స్టూడెంట్ అనుకున్నాను."

"మా కుర్రాడు బాగా చదివేవాడు."

మేడమ్ కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

కవర్ చెడకుండా వదిన ప్రిలిమ్స్ కూడా రాసింది. ఫలితాలొచ్చిన రోజు మేనమామ కాగితం బల్ల మీద పెట్టి కళ్లజోడు తుడుచుకున్నాడు.

"పాసయ్యావు. ఇప్పుడేం చేద్దాం? నిజంగానే వెళ్లిపోతావా ఏంటి?"

"మెయిన్స్ సంగతి సరే మావయ్యా. ఇంటర్వ్యూలో అడుగుతారు కదా, ఇన్నేళ్లూ ఏం చేశారని. ఏం చెప్పను?"

"ఇల్లు చూసుకునేదాన్నని చెప్పు," అన్నాడు మేనమామ. "ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు."