స్కెల్ దొడ్డిలో ముగ్గురు

స్కెల్ దొడ్డి పక్కనుంచి రాత్రిపూట ఇద్దరు వెళ్తే ఒక్కడే దిగొస్తాడని మా యార్క్‌షైర్ కొండల్లో ఒక మాట ఉంది.

ఊరికే పుట్టిన మాట కాదది. నూట యాభై ఏళ్ళ కిందట గొర్రెలు తోలుకెళ్ళే అన్నదమ్ములిద్దరు మంచుతుఫానుకి తాళలేక ఆ రాతిదొడ్డిలో దూరారు. తెల్లారాక తమ్ముడొక్కడే దిగొచ్చాడు — మోచేతుల దాకా నెత్తురుతో. ఆ తర్వాత దొరల వేటభూముల్ని కాసే కాపరులిద్దరు. ఒకడి చేతిలో తుపాకి, ఇంకొకడి కడుపులో గుండు. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులే.

అక్కడి దయ్యం మనుషుల్ని చంపదు... మనుషులచేతే చంపిస్తుంది — అంటారు ముసలాళ్ళు, గొంతు తగ్గించి. ఆ గోడల మధ్య కూర్చున్నవాడికి కడుపులో దాచుకున్నదంతా నోటికొస్తుందట. నోటికొచ్చింది కాసేపటికి చేతికొస్తుందట.

అందుకే ఫ్లింట్‌మూర్ నడక పెట్టినవాళ్ళు దారిని ఆ దొడ్డికి అరమైలు ఎడంగా గీశారు. నలభై ఎనిమిది మైళ్ళు, ఇరవై నాలుగు గంటలు. చెట్టన్నది లేని కొండబీడు, మోకాళ్ళ దాకా దిగబడే నల్లబురద, మొహాన కొట్టే గాలి. పరిగెత్తేవాళ్ళు పరిగెత్తుతారు, నడిచేవాళ్ళు నడుస్తారు. చివరిదాకా వెళ్ళినవాళ్ళకి ఇచ్చేది ఒక చిన్న గుడ్డబిళ్ళ. దానికోసం కాలిగోళ్ళు ఊడగొట్టుకునేవాళ్ళు ఏటా మూడొందలమంది!

డెబ్భై తొమ్మిదో సంవత్సరం మార్చిలో ఆ మూడొందలమందిలో మావిస్ సగ్డెన్ ఒకతి.

నలభై ఆరేళ్ళ మనిషి. బడి వంటశాలలో పని. ఆమె మొగుడు వాల్టర్ రాతిక్వారీలో పనిచేస్తూ, కొండచరియ విరిగిపడి పోయాడు. అప్పటికి మూడేళ్ళు. "ఈ వయసులో నీకీ నడకలెందుకే?" అని తోటివాళ్ళంటే, "ఇంట్లో కూర్చుంటే గోడలు మాట్లాడుతున్నాయి. కొండ మీదైతే గాలొక్కటే మాట్లాడుతుంది" అనేది.

ఆమెకి తోడు మరిది క్లెమ్. వాల్టర్ తమ్ముడు. దున్నపోతంత బలం, కోపమొస్తే ముందూ వెనకా చూడని రకం. వదినంటే మాత్రం ప్రాణం.

ఇరవై ఏడో మైలు దగ్గర, వాగు పక్కన డేరా వేసుకుని, మజిలీ కాస్తున్నాడు ఎనక్ — పింఛను తీసుకుంటున్న పోస్ట్‌మాన్. వాళ్ళిద్దరూ చేరేసరికి పొద్దు వాలిపోయింది. అక్కడిదాకా వచ్చినట్టు గుర్తుగా వాళ్ళ కార్డులకి చిల్లు పెట్టి, చేతుల్లో బఠాణీల సూపు గిన్నెలు పెట్టాడు.

"చీకటి పడింది కదమ్మా. ఇక్కణ్ణుంచి ముగ్గురికి తక్కువగా ఎవర్నీ వదలను. తెల్లారేదాకా ఒకళ్ళనొకళ్ళు విడవకూడదు. రూలు రూలే."

"మూడోవాడెవడు?" అన్నాడు క్లెమ్, సూపు ఊదుకుంటూ.

డేరా మూలనుంచి ఒక మనిషి లేచి నిలబడ్డాడు. అరవై దాటిన వయసు, బక్కపలచటి మొహం, మెడలో దిక్సూచి.

క్లెమ్ చేతిలో గిన్నె ఆగిపోయింది.

ఆ మనిషి పెర్సీ లీచ్. వాల్టర్ పనిచేసిన క్వారీకి మేస్త్రీ. వాల్టర్‌ని ఆ రోజు చరియ కిందికి పంపింది అతనే అని ఊరంతా గుసగుస. విచారణలో మాత్రం — "నేను పంపలేదు, తనంతట తనే వెళ్ళాడు" అని బైబిల్ మీద చెయ్యేసి చెప్పాడు. ఆ ఒక్క మాటతో తప్పు చచ్చినవాడిదే అయింది.

"వీడితోనా? ఊబిలో పడి చస్తాను గానీ వీడితో అడుగు వెయ్యను!"

"అయితే వెనకొచ్చేవాళ్ళకోసం ఆగు" అన్నాడు ఎనక్. "గంట పడుతుందో రెండు పడుతుందో. టైము దాటితే మీ పేర్లు కొట్టేస్తారు. నీ ఇష్టం."

మావిస్ లీచ్ వైపు చూడలేదు. "నడుద్దాం క్లెమ్. మాట్లాడక్కర్లేదు. నడవడమే" అంది.

అలా బయల్దేరారు. ముందు లీచ్, మధ్యలో మావిస్, వెనక క్లెమ్. క్లెమ్ టార్చి వెలుగు లీచ్ వీపు మీదనుంచి కదల్లేదు.

గంట నడిచారో లేదో, వానలో మంచు కలిసింది. సూదుల్లా మొహాన గుచ్చుకుంటోంది. దాటాల్సిన వాగు ఎర్రగా పొంగి రాళ్ళని దొర్లించుకుంటూ పోతోంది. దాటబోయి మావిస్ జారింది. నడుందాకా మునిగింది. క్లెమ్ ఆమె జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగాడు గానీ, ఆమె చేతితొడుగులు రెండూ వాగులో కొట్టుకుపోయాయి.

"పైకెక్కాలి. వాగు పైన సన్నబడుతుంది" అన్నాడు లీచ్, దిక్సూచి చూసుకుంటూ.

"పైన ఏముందో తెలుసా మేస్త్రీ?" అన్నాడు క్లెమ్.

లీచ్‌కి తెలుసు. ముగ్గురికీ తెలుసు.

ఎక్కారు. మంచు దట్టమైంది... తన పాదాలు తనకే కనబడటం లేదు మావిస్‌కి. వేళ్ళు మొదట మండాయి, తర్వాత మొద్దుబారాయి, తర్వాత ఉన్నాయో లేవో తెలియలేదు. టార్చి జారిపోతుంటే చంకలో ఇరికించుకుంది.

ఆ వెలుగులో — రాళ్ళు.

నల్లటి రాతిగోడలు. కప్పు లేదు. పన్ను ఊడిన నోరులా ఒక వాకిలి.

"వద్దు..." అంది మావిస్.

"పావుగంట" అన్నాడు లీచ్. పళ్ళు టకటకలాడుతున్నాయి. "గాలి తగలకపోతే చాలు. నువ్వు వణకడం మానేశావమ్మా. అది మంచిది కాదు."

నిజమే. ఆమె వణకడం లేదు. చలి కూడా అనిపించడం లేదు.

లోపలికి అడుగు పెట్టగానే గాలి ఆగిపోయింది. పూర్తిగా. బయట తుఫాను ఊగిపోతుంటే, లోపల... నిశ్శబ్దం. ముగ్గురూ మూడు గోడలకి ఆనుకున్నారు.

ఎంతసేపో తెలియదు.

"నేనే పంపాను" అన్నాడు లీచ్.

అడిగినవాళ్ళు లేరు. అతను ఎవరివైపూ చూడటం లేదు. ఎదుటి గోడకి చెబుతున్నట్టున్నాడు.

"ముందురోజంతా వాన. చరియ వదులైందని నాకు తెలుసు. వాల్టర్ వెళ్ళనన్నాడు... 'భయమా? అయితే ఇంటికెళ్ళి మీ ఆవిడ పక్కలో పడుకో' అన్నాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వి, గునపం తీసుకుని వెళ్ళాడు."

మావిస్ చెవుల్లో ఏదో హోరుమంది. వాల్టర్ నవ్వు ఎలా ఉండేదో గుర్తొచ్చింది. మాట పడ్డప్పుడు పైకి నవ్వే ఆ నవ్వు.

క్లెమ్ లేచిన చప్పుడు ఆమె వినలేదు. తగిలిన చప్పుడే వింది.

మొదటి గుద్దుకే లీచ్ ముక్కు పగిలింది. రెండోదానికి తల గోడకి కొట్టుకుంది. అతనూ చేతికర్ర తిప్పి కొట్టాడు. క్లెమ్ చెవి చీలింది. క్లెమ్ ఆ కర్ర లాక్కుని మోకాలి మీద ఫెడేల్మని విరిచి, విరిగిన మొనతోనే భుజంలో పొడిచాడు. లీచ్ అరిచాడు. మనిషి అరుపులా లేదది... మెడ బిగిసిన గొర్రె అరుపు.

"చెప్పు! విచారణలో ఎందుకు చెప్పలేదురా? చెప్పు!"

ఒక్కో మాటకీ ఒక్కో తన్ను. పక్కటెముకలు విరగడం మావిస్‌కి వినిపించింది — ఎండుపుల్లలు విరిగినట్టు. లీచ్ బురదలో వెల్లకిలా పడ్డాడు. కళ్ళలోకి నెత్తురు కారుతోంది. క్లెమ్ అతని గుండెల మీద కూర్చున్నాడు. తడుముకున్నాడు. గోడలోంచి ఊడిపడ్డ రాయొకటి, రొట్టెంత రాయి, చేతికి దొరికింది.

ఎత్తాడు.

మావిస్ వాకిట్లోకి జరిగి నిలబడి ఉంది. చంకలో టార్చి. వెలుతురు సరిగ్గా ఆ ఇద్దరి మీదే పడుతోంది.

'వద్దు క్లెమ్' అని ఒక్క మాట. అంతే కావాల్సింది. నాలుక మీదే ఉంది.

ఆమె అనలేదు.

నాలుగడుగులు వేసి మీద పడొచ్చు. వెయ్యలేదు. చలికి నోరు బిగుసుకుపోయిందని తర్వాత తనకి తనే ఎన్నోసార్లు చెప్పుకుంది. కానీ ఆ క్షణంలో ఆమె గుండెలో ఉన్నది చలి కాదు. వెలుతురు కదిలిపోకుండా టార్చిని ఇంకా గట్టిగా అదుముకుంది. అతనికి బాగా కనబడాలని...

రాయి దిగింది —

సగంలో ఆగింది.

క్లెమ్ మళ్ళీ ఎత్తాడు. చెయ్యంతా వణికేలా బలం పెట్టి దించాడు. మళ్ళీ ఆగింది. లీచ్ మొహానికి జానెడు దూరంలో, గాల్లో. మూడోసారి కొట్టబోయేసరికి చెయ్యి వెనక్కి వంగింది. క్లెమ్ కెవ్వుమన్నాడు. రాయి జారి బురదలో పడింది. అతను పక్కకి ఒరిగి, మొహం బురదలో పెట్టి, పసివాడిలా ఏడవడం మొదలుపెట్టాడు.

అప్పుడు కదిలింది మావిస్. "లే" అంది. గొంతు తనది కానట్టుంది. "లే క్లెమ్. అతన్ని భుజానికెత్తుకో. ఇక్కడ ఒక్క నిమిషం ఉండొద్దు."

నాలుగు మైళ్ళు. కొట్టిన మనిషి దెబ్బలు తిన్న మనిషిని వీపున మోసుకుంటూ నడిచాడు. ముందు మావిస్, చంకలో టార్చితో. కింద లోయలో చర్చి గది దీపం కనబడేసరికి కోళ్ళు కూసే వేళయింది.

ఆ గదే తర్వాతి మజిలీ; అక్కడ డాక్టరమ్మ ఉంది. డేరా ఎత్తేసి ఎనక్ కూడా అప్పటికే అక్కడికి వచ్చేశాడు. లీచ్‌ని బల్లమీద పడుకోబెట్టి నెత్తురు తుడుస్తుంటే ఆవిడ మొహం మాడిపోయింది.

"ఏమిటిది?"

"రాళ్ళ మీద పడ్డాను" అన్నాడు లీచ్, పగిలిన పెదాలతో.

"పడలేదు. నేను కొట్టాను" అన్నాడు క్లెమ్. "చంపబోయాను. పోలీసుల్ని పిలవండి."

డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "చలి" అంది చివరికి. "ఒంట్లో వేడి పడిపోతే మొదట చెడేది బుర్రే. సాధువులాంటివాళ్ళు కూడా పెళ్ళాం మీద కత్తి ఎత్తుతారు. దయ్యాలూ లేవు, భూతాలూ లేవు. ఆ దొడ్డి గురించి చెప్పుకునే కథలన్నీ ఇవే."

"నాకు పోలీసులొద్దు" అన్నాడు లీచ్. ఊపిరి పీల్చినప్పుడల్లా నొప్పికి మొహం వంకర పోతోంది. "సోమవారం నేనే వెళ్తాను. వాల్టర్ సంగతి చెప్పడానికి."

అన్నట్టే వెళ్ళాడు కూడా. వాల్టర్ తప్పేం లేదని తీర్పు తిరగరాశారు. అది తర్వాతి మాట.

డాక్టరమ్మ క్లెమ్ చెవికి కుట్లు వేస్తూ, అతని కుడిచేతి చొక్కా మడత పైకి తోసింది. చేతులాగిపోయాయి.

మణికట్టు చుట్టూ నల్లగా కమిలి ఉంది. నాలుగు వేళ్ళు, ఒక బొటనవేలు. లెక్కపెట్టుకునేంత స్పష్టంగా.

"ఇదెవరు పట్టుకున్నారు?"

"మా వదిన" అన్నాడు క్లెమ్. "వెనకనుంచి పట్టుకుంది. నేనెంత లాగినా వదల్లేదు. లేకపోతే ఈపాటికి నేను హంతకుణ్ణి డాక్టరమ్మా... వదినా, ఆడమనిషివి, అంత బలం నీకు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

గదిలో అందరూ మావిస్ వైపు తిరిగారు.

ఆమె నోరు తెరిచింది. బల్లమీదనుంచి లీచ్ ఆమెనే చూస్తున్నాడు. బురదలో వెల్లకిలా పడి ఉన్నప్పుడు అతని మొహం వాకిలి వైపే ఉంది. టార్చి వెలుగులో ఆమె నిలబడ్డ తీరంతా చూసినవాడు అతనొక్కడే.

"అవును" అన్నాడు లీచ్, కళ్ళు దించేసుకుంటూ. "ఆవిడే ఆపింది."

ఎనక్ ఆవిర్లు కక్కుతున్న టీ కప్పు తెచ్చాడు. "పుణ్యాత్మురాలివమ్మా. ఇదిగో, తాగు" అని ఆమె చేతుల్లో పెట్టాడు.

కప్పు నిలవలేదు. వేళ్ళ మధ్యనుంచి జారి, నేలమీద భళ్ళున పగిలింది. వేడి వేడి టీ అరచేతుల మీద ఒలికినా ఆమెకి తెలియలేదు. వేళ్ళు పదీ కొవ్వొత్తుల్లా తెల్లగా, బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక్కటీ వంగడం లేదు.

"అయ్యో, ఎంతసేపటినుంచి ఇలా ఉన్నాయి?" అంది డాక్టరమ్మ, పరిగెత్తుకొస్తూ.

"వాగులో పడ్డప్పటినుంచి..." అంది మావిస్.

క్లెమ్ గబుక్కున లేచి ఆమె రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకున్నాడు. మంచుగడ్డలు పట్టుకున్నట్టుంది. అతని మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది. వాటిని వదలకుండానే, దగ్గరికి వంగి, ఆమెకి ఒక్కతెకే వినబడేట్టు గుసగుసలాడాడు.

"వదినా... నన్ను పట్టుకున్న చెయ్యి వెచ్చగా ఉంది."