చందనం కలిపిన జిగురు

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక ఒక పుస్తకాల గోడౌన్ ఉంది. జాతీయ భాషా గ్రంథాలయం వాళ్ళది. పొద్దు వాలాక ఆ గోడ పక్కనుంచి ఎవరూ నడవరు. వెల్డింగు పనివాళ్ళు కూడా బండి చుట్టు తిప్పుకుని పోతారు.

లోపల ఎవరో నములుతారట.

ఏడుపు కాదు, గజ్జెల చప్పుడూ కాదు... నమలడం. బాగా ఆకలితో ఉన్న మనిషి నోరు మూసుకోకుండా తింటే వచ్చే చప్పుడు. దాంతోపాటు ఒక వాసన — తీపీ కుళ్ళూ కలిసి గొంతులోకి దిగే వాసన.

ఈ సంగతి నాకు చెప్పింది మా అన్నయ్య కూతురు ఇంద్రజ. అక్కడే కేటలాగు పని చేస్తుంది. ఆ పిల్ల అబద్ధం ఆడదు. అది చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

ముందు మా అమ్మ గురించి చెప్పాలి. అమ్మ పేరు గంగాలమ్మ, జాలరిపేట ఆడపడుచు. కొత్త పడవ నీళ్ళలోకి దించేవేళ గంగమ్మ తల్లికి పాడే పాటలన్నీ ఆమెకి నోటికొచ్చు. ఆమె పాడుతుంటే మా నాన్న శ్రీరామ్మూర్తి రాసుకుని, చిన్న పుస్తకంగా అచ్చు వేయించాడు. నాన్న ఆ గోడౌన్‌లోనే బైండరు. ఇంట్లో ఉన్న ప్రతులన్నీ హుద్‌హుద్ గాలివానకి తడిసి ముద్దయిపోయాయి. తరవాత అమ్మా పోయింది, నాన్నా పోయాడు. నాకు పల్లవులు తప్ప ఒక్క పాటా పూర్తిగా రాదు.

మిగిలింది ఆ గోడౌన్‌లో ఉన్న ఒక్క ప్రతి. నాన్న తన చేత్తో అట్ట కట్టి గ్రంథాలయానికి ఇచ్చినది.

“కంప్యూటర్లో నానమ్మ పేరు కొడితే వచ్చింది అత్తా!” అని ఇంద్రజ ఫోన్ చేసిన రోజు సింహాచలం అప్పన్నకి మొక్కుకున్నాను. కేటలాగులో ‘మంచి స్థితి’ అని కూడా ఉందట. పాత పుస్తకాలకి ఫోటోలు తీసే మిషన్ ఒకటి గోడౌన్‌కి వచ్చింది. మర్నాడు పొద్దున్నే అది వెళ్ళిపోతుంది. ఈలోగా పుస్తకం దొరికితే అమ్మ పాటలు నిలుస్తాయి. లేకపోతే లేవు.

పుస్తకం ఉన్నది వెనక గదిలో. నమిలే గదిలో.

కొత్తగా చేరిన వాచ్‌మన్ దాలయ్య తాళం ఇవ్వనన్నాడు.

“సీకటడిపోనాది పాపా. రేపు ఎతుక్కో.”

“రేపటికి మిషనెళ్ళిపోద్ది తాతా. తాళమియ్యి.”

“లోపల ఆడు తింటన్నాడమ్మా...”

“ఎవుడు? ఏటి తింటన్నాడు?”

దాలయ్య గొంతు తగ్గించాడు. “రామ్మూర్తి బైండరు. బతికున్నన్నాళ్ళూ పుస్తకాలకి అట్టలేసినోడంట. సచ్చాక ఆటినే నవుల్తన్నాడు. తన సేతి పుస్తకాలే సుమీ... ఇంకోడివి ముట్టడు.”



“ఆయన మా తాత,” అంది ఇంద్రజ.

దాలయ్య నాలిక కరుచుకున్నాడు. “తప్పయిపోనాది తల్లీ. అయితే మరీ ఎల్లకు. సొంతోలినే పిలుత్తారు.”

“పిలిస్తే బువ్వ తిన్నావా తాతా అని అడుగుతాను. తాళమియ్యి.”

తలుపు తీసింది. ఆ తీపి వాసన ముఖానికి కొట్టింది. లైటు వెలగలేదు. ఫోన్ టార్చి వేసుకుని అడుగు పెట్టింది.

కర కర కర కర...

అడుగు చప్పుడుకి టక్కున ఆగింది. నిలబడింది. మళ్ళీ మొదలైంది — ముందు ఒక మూల, తరవాత అన్ని మూలలా.

కాళ్ళ కింద నేల జిగటగా ఉంది. చెప్పు ఎత్తితే అంటుకుని వస్తోంది. ఏదో చిట్లింది... మెత్తగా. కిందికి చూడలేదట. చూస్తే వెనక్కి పరిగెత్తేదాన్నని చెప్పింది.

చివరి బీరువాలో కనబడింది. ఎర్ర గుడ్డ అట్ట, దాని మీద బంగారు అక్షరాలతో అమ్మ పేరు. చెక్కుచెదరలేదు. ఇంద్రజకి ఏడుపొచ్చింది. రెండు చేతులతో తీసి, మా ఇంటి అలవాటు కొద్దీ, కళ్ళకద్దుకుంది.

అట్ట... కదిలింది.

అట్టల మధ్య నుంచి బొద్దింకలు. గుప్పెళ్ళ కొద్దీ. కనురెప్పల మీద, పెదాల మీద, జాకెట్టులోకి, జడలోకి. కేకకి నోరు తెరిస్తే నోట్లోకి కూడా. దాలయ్య పరిగెత్తుకొచ్చి తువ్వాలుతో దులిపాడు. పుస్తకం కింద పడి తెరుచుకుంది. లోపల కాయితం లేదు. నల్లటి పెంట, చింతగింజల్లా వరసగా అంటుకున్న గుడ్లు, అప్పుడే కుబుసం విడిచిన తెల్లటి పిల్లలు.

దెయ్యం లేదు. ఇంతే.

మరి పక్క బీరువాలో ఇంకో బైండరు కట్టిన పుస్తకాలు శుభ్రంగా ఎందుకున్నాయి? ఇంటికొచ్చాక ఇంద్రజ నన్నడిగింది. నాకు తెలుసు. బైండింగు జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పురుగు దగ్గరికి రాదు. నాన్న మాత్రం కలిపేవాడు కాదు. “చదువులమ్మకి విషం పెడతామా?” అనేవాడు. మైదా ఉడికించి, అందులో బెల్లం, అప్పన్న చందనం వేసేవాడు. అమ్మ పుస్తకానికి ఇంకొంచెం ఎక్కువే వేశాడు. ఎంత భక్తి అని ఇంటిల్లిపాదీ మురిసిపోయేవాళ్ళం.

“దాలయ్య తాత చెప్పింది అబద్ధం కాదు కదత్తా,” అంది ఇంద్రజ. అని బాత్‌రూమ్‌లోకి పోయి మళ్ళీ వాంతి చేసుకుంది.

మిషన్ వెళ్ళిపోయింది. పాటలు లేవు.

ఆ రోజు దీపం పెట్టడానికి పూజగదిలోకి వెళ్ళాను. అక్కడ నాన్న కట్టిచ్చిన పారాయణ పుస్తకం ఉంది. పట్టుగుడ్డలో చుట్టి ఉంచుతాం. ఆయన పోయాక ఆ ముడి విప్పింది లేదు. ముందు బెల్లం ముక్క పెట్టి, రోజూ పొద్దున్నా సాయంత్రం కళ్ళకద్దుకుంటాను. ముద్దు కూడా పెట్టుకుంటాను.

చేతుల్లోకి తీసుకున్నాను. ముఖం దాకా తెచ్చాను.

ఆగి... చెవి దగ్గర పెట్టుకున్నాను.

కర కర కర...